మాదీఫలం ముక్కు

ఆ శుక్రవారం మధ్యాహ్నానికి కేశవరావు చేతిలో ఉన్న సొత్తు ఇది: షామ్‌బర్గ్‌లో ఒక కిరాణా కొట్టు, దాని వెనక మనిషి లోపలికి వెళ్ళి మసిలేంత కోల్డ్ రూమ్, అక్టోబర్ ఆఖరుకు ముగిసిపోయే లీజు, గూడూరు నిమ్మకాయల మార్కెట్లో ఇరవై ఏళ్ళు నలిగిన చేతులు, చొక్కా జేబులో ఒక నెయిల్ కట్టర్. మొదటి నాలుగూ ఏపాటి చేస్తాయో ఆయనకు బాగా తెలుసు. నెయిల్ కట్టర్‌ని లెక్కలోకి తీసుకోలేదు. అదే పొరపాటు.

కొట్టు ఉన్న బిల్డింగ్ ఆయనది కాదు, పక్కనున్న సినగాగ్ వాళ్ళది. ఒకప్పుడు అదంతా ఒకే ఫర్నిచర్ షాపు. యూదులు దాన్ని కొని, మూడింట రెండు వంతుల్లో తమ ప్రార్థనాలయం పెట్టుకొని, మిగిలిన వంతు అద్దెకిచ్చారు. పదేళ్ళుగా ఆ వంతులో కేశవరావు ఉన్నాడు. శనివారం వాళ్ళ కార్లు, ఆయన కస్టమర్ల కార్లు ఒకే పార్కింగ్ లాట్లో ఇరుక్కునేవి. కరివేపాకు వాసన గోడ దాటి ప్రార్థనలోకి వస్తోందని ఒకసారి ఫిర్యాదు వచ్చింది. ఆ ఫిర్యాదు చేసిన ఆవిడే మరుసటి వారం వచ్చి ఆ ఆకు పేరేమిటని అడిగి కొనుక్కుపోయింది. ఇట్లా ఇచ్చిపుచ్చుకుంటూ రోజులు సాఫీగానే నడిచాయి.

ఈ ఏడు మాత్రం ఒక పళ్ళ డాక్టర్ ఆ స్థలం మీద కన్నేశాడు. అద్దె ఎక్కువిస్తానన్నాడట. పండగ వారంలో సినగాగ్ బోర్డ్ కూర్చొని ఎవరికివ్వాలో తేలుస్తుందని ఉత్తరం వచ్చింది. కొట్టు పోతే ర్యాకులు పట్టుకుపోవచ్చు, సరుకు పట్టుకుపోవచ్చు. గోడకీ నేలకీ అతికించి కట్టుకున్న కోల్డ్ రూమ్‌ని పట్టుకుపోలేడు. పదేళ్ళుగా వస్తున్న గిరాకీని అసలే పట్టుకుపోలేడు. యాభై తొమ్మిదేళ్ళ వయసులో మళ్ళీ మొదటి బోణీ కోసం కూర్చోవాలి.

సరిగ్గా అప్పుడే సినగాగ్ వంటింట్లో ఫ్రిజ్ పాడైంది.

ఆ సంగతి చెప్పినవాడు మోరీ గ్లిక్. ఎనభై దాటిన పెద్దాయన, రిటైరైన ఫార్మసిస్ట్. సినగాగ్‌లో పండగ ఏర్పాట్లన్నీ ఆయన మీదుగానే నడుస్తాయి. మొదటిసారి కొట్టులోకి వచ్చినప్పుడు పిస్తా పాకెట్ తీసి భూతద్దంతో తిప్పి తిప్పి చూస్తుంటే, హెల్త్ ఇన్‌స్పెక్టర్ అనుకొని కేశవరావు మర్యాదగా టీ ఇచ్చాడు. ఆయన వెతుకుతున్నది తమవాళ్ళు తినదగిన సరుకని చెప్పే చిన్న ముద్ర కోసం. ముద్ర దొరికింది. పిస్తా కొన్నాడు. పాలు లేని టీ, కాగితం కప్పులోనే, తాగాడు. అప్పటినుంచి వారానికొక పాకెట్, ఒక టీ.

"రావ్, నీ కోల్డ్ రూమ్‌లో రెండు రోజులు చోటిస్తావా?" అని అడిగాడు మోరీ. "సోమవారం సాయంత్రం మా సుక్కోత్ మొదలు. కొమ్మలూ పళ్ళూ వచ్చేశాయి. ఎండకు పెడితే వాడిపోతాయి."

ఆకులు కప్పిన పందిరి ఆరుబయట కట్టుకొని వారం పాటు అందులో భోంచేసే పండగ అది. ఆ రోజుల్లో ఖర్జూరపు మట్ట, మరో రెండు రకాల కొమ్మలు కట్టగట్టి ఒక చేత్తో, ఒక పండు రెండో చేత్తో పట్టుకొని ప్రార్థన చేస్తారు. ఆ మాత్రం కేశవరావు పదేళ్ళుగా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు.

ఆయన మనసులో లెక్క వేసుకున్నాడు. ఇచ్చేది కాస్త చల్లగాలి. వచ్చేది, బోర్డ్ కూర్చునే వారంలో, ఒక మంచి మాట.

"రెండు రోజులేంది సార్, వారం పెట్టుకోండి," అన్నాడు.

నలభై చిన్న అట్టపెట్టెలు, కొమ్మల కట్టలు లోపలికి చేరాయి. పాలకూర కట్టలు జరిపి, కొత్తిమీర పైఅరకి ఎక్కించి, వాటికి మంచి చోటు చేశాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం లోపలికి వెళ్ళి చూస్తే ఒక పెట్టె మూల చెమ్మగిల్లింది. పళ్ళ వ్యాపారికి చెమ్మ అంటే ఇల్లు అంటుకున్నట్టే. పెట్టె విప్పాడు. మెత్తటి నురుగు వల తొడిగి లోపల పడుకోబెట్టిన కాయ బయటికి వచ్చింది. పసుప్పచ్చగా, ఒళ్ళంతా గరుకుగా, నిమ్మకాయ కన్నా నాలుగింతలు. వాసన చూశాడు.

"ఉమా, ఇట్రా," అని భార్యను పిలిచాడు. "ఇది మాదీఫలం."

ఉమామహేశ్వరి కౌంటర్ వదిలి వచ్చింది. "అవును, మా అమ్మమ్మోళ్ళ పెరట్లో ఉండేది. దబ్బకాయకి అన్నగారు. వీళ్ళకి యాడ దొరికింది?"

"యాడ దొరికితే ఏమి, ఎట్టా వచ్చిందో చూడు. కొసన పూపుల్ల ఎండిపోయి అట్టనే ఉండాది. ఇంత ఖరీదైన కాయ, ఈ ముక్కు తుంచకుండా పంపిస్తారా ఎవురన్నా? కుళ్ళు మొదలయ్యేదే ఇక్కడ. చెమ్మ తగిలిందా, ముక్కులోంచి లోపలికి దిగిపోద్ది."

గూడూరులో ఆయన చేతికింద పనిచేసేవాళ్ళకు ఆయన మొదట నేర్పే పాఠం అదే. తొడిమ కాయకు సమంగా కత్తిరించు, కొసన ఎండిన పుల్ల ఉంటే తీసెయ్, అప్పుడే బస్తా మద్రాసు దాకా నిలుస్తుంది. జేబులోంచి నెయిల్ కట్టర్ తీశాడు. టిక్కున ముక్కు ఊడింది. కాయ నున్నగా, ముచ్చటగా అయింది.

"ఏందండీ మీరు చేస్తా ఉండేది? వాళ్ళని అడిగినారా?"

"శనివారం గదా, వాళ్ళకి ప్రార్థనల రోజు, ఫోన్ ఎత్తరు."

"ఎత్తకపోతే రేపటిదాకా ఆగొచ్చు గదా."

"కుళ్ళు ఆగుద్దా?" అన్నాడు కేశవరావు. ఆమె తలాడించి కౌంటర్ దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ తలాడింపును ఆయన ఒప్పుకోలు కింద జమ వేసుకున్నాడు.

ఒక్కొక్క పెట్టే విప్పాడు, తుడిచాడు, ముక్కు తీశాడు, చంటిబిడ్డకు చొక్కా తొడిగినట్టు వల తొడిగి మళ్ళీ పెట్టాడు. ముప్పై ఒకటి అయ్యేసరికి బెండకాయల లోడు దించడానికి లారీ వచ్చింది. మిగిలిన తొమ్మిది రేపు చూద్దామని వదిలేశాడు.

ఆదివారం పొద్దున్నే మోరీ వచ్చాడు. కోల్డ్ రూమ్ బయట బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, భూతద్దం తీసి, మొదటి పెట్టె విప్పాడు. కేశవరావు తన పనితనం ఆయన గుర్తిస్తాడేమోనని పక్కనే నిలబడ్డాడు.

ఆ కాయ మిగిలిన తొమ్మిదింటిలోది. మోరీ దాన్ని వెలుతురుకు ఎత్తి, కొసనున్న ఎండుపుల్ల చుట్టూ భూతద్దం తిప్పాడు. ముసలి ముఖం విప్పారింది.

"చూశావా రావ్, ఎంత చక్కగా నిలిచిందో. మేం దీన్ని పితమ్ అంటాం. పండుకంతటికీ కిరీటం ఇదే. ఇది విరిగితే ఈ పండు పండగ మొదటిరోజు పనికిరాదు."

కేశవరావు చెయ్యి జేబులో నెయిల్ కట్టర్ మీద ఆగిపోయింది.

మోరీ రెండో పెట్టె విప్పాడు. ముక్కు లేదు. భూతద్దం దగ్గరగా పెట్టి, దూరంగా పెట్టి, కళ్ళు చికిలించి చూశాడు. "కొన్ని రకాలకు చెట్టు మీదే రాలిపోతుంది. అట్లా రాలితే దోషం లేదు. పుట్టుకే అంత," అని మంచివాటి పక్కన పెట్టాడు. మూడోదీ అంతే. దాన్నీ మంచివాటిలోనే పెట్టాడు.

అప్పుడు కేశవరావుకు అర్థమైంది, ఈ పెద్దాయనకు చూపు సరిగా ఆనడం లేదని. తను కోసిన చోట పచ్చిగా, సమంగా ఉంది. చెట్టు మీద రాలినదైతే చిన్న గుంటపడి మానిపోయి ఉండాలి. నిమ్మకాయలు తూచినవాడెవడైనా చెయ్యి చాచినంత దూరంనుంచి చెప్పగలడు. మోరీకి కనపడలేదు.

ఊరుకుంటే ఏమవుతుంది? ఏమీ కాదు. నలభై కాయలూ మంచివాటిలోకి పోతాయి. నలభై ఇళ్ళవాళ్ళూ సంతోషిస్తారు. బోర్డ్ కూర్చుంటుంది. కోల్డ్ రూమ్ ఇచ్చినవాడు మంచివాడని ఎవరో అంటారు. నోరు తెరిస్తే పండగ పాడుచేసినవాడవుతాడు, అద్దె ఎక్కువిచ్చేవాడు గుమ్మంలో నిలబడి ఉండగా.

"ఇంట్లో వాళ్ళు మళ్ళీ చూసుకోరా సార్?" అని అడిగాడు.

"ఎందుకు చూస్తారు? నేను చూశాను కదా," అన్నాడు మోరీ నాలుగో పెట్టె అందుకుంటూ. "ముప్పై ఏళ్ళుగా నేనే చూస్తున్నాను. నేను మంచిదంటే కళ్ళు మూసుకొని పట్టుకుంటారు."

వాళ్ళు ఈయన్ని నమ్మారు. ఈయన తన కోల్డ్ రూమ్‌ని నమ్మాడు. కేశవరావు వ్యాపారంలో బేరమాడాడు, సరుకు లేనప్పుడు ధర పెంచాడు, వాన పడితే నాలుగు అబద్ధాలూ ఆడాడు. కానీ పైన మంచి కాయలు పేర్చి అడుగున పాడుకాయలు పోసి బస్తా కుట్టలేదు. ఇప్పుడు మోరీ కుడుతున్న బస్తా అదే. కుట్టేది మోరీయే గానీ అడుగున పోసింది తను.

నెయిల్ కట్టర్ తీసి తెల్లగుడ్డ మీద పెట్టాడు.

"చెట్టు మీద రాల్లేదు సార్. నేనే కత్తిరించా. కుళ్ళు పడతాయని. ముప్పై ఒకటి."

మోరీ నెయిల్ కట్టర్ వంక చూశాడు. తర్వాత మంచివాటి వైపు తను పెట్టిన రెండు కాయల వంక చూశాడు. ఒకటి తీసి, మళ్ళీ భూతద్దం పెట్టి, చాలాసేపు పట్టుకున్నాడు. ముక్కులు పోయినందుకు కాదు ఆయన ముఖం వాడింది.

"నాకు కనపడలేదు," అన్నాడు మెల్లగా.

కేశవరావు ఆ రెండు కాయలూ తీసి పాడువాటిలో కలిపేశాడు. "మీరింకా చూడలేదు సార్. చూస్తా ఉండారు. నేనే ముందు చెప్పేశా."

సినగాగ్ ఆవరణలో రబ్బీ నయోమి పందిరికి తాళ్ళు కట్టిస్తోంది. రబ్బీ అంటే వాళ్ళ గురువు. నలభై దాటని ఆవిడ, చేతికి గ్లవ్స్ వేసుకొని నిచ్చెన మీద ఉంది. కేశవరావు కిందనుంచే మొత్తం చెప్పాడు. మోరీ రెండు కాయల్ని మంచివనుకున్న సంగతి మాత్రం చెప్పలేదు. ఆ పద్దు తన పుస్తకంలోది కాదు.

"ఇప్పుడే డెవాన్ వీధికి వెళ్ళి కొత్త కాయలు తెస్తా మేడమ్. మా సరుకుకి వారం వారం పోతా ఉంటా. చీరల షాపులు దాటితే అవతల మీ వాళ్ళ షాపులే గదా. డబ్బు నాదే."

రబ్బీ నిచ్చెన దిగింది. "పండగ ముందురోజు అక్కడ మిగిలేవి ఎలా ఉంటాయో మీకు తెలియదా?"

తెలుసు. వినాయక చవితి ముందురోజు సాయంత్రం తన కొట్టులో మిగిలే మామిడాకులు ఎలా ఉంటాయో కూడా తెలుసు.

"ఒక్క మాట చెప్పండి," అంది. "ఎందుకు కత్తిరించారు?"

కుళ్ళు ముక్కులోంచి దిగుతుందని, బస్తా మద్రాసు దాకా నిలవాలని చెప్పాడు. ఆవిడ నవ్వు ఆపుకోవాలని చూసింది, కుదర్లేదు. "మా పళ్ళని మాకన్నా మీరే ఎక్కువ కాపాడారు. సరే, ఎన్ని మిగిలాయి?"

"తొమ్మిది."

"అయితే తొమ్మిది చాలు."

కేశవరావు అర్థం కాక చూశాడు. నలభై ఇళ్ళు, తొమ్మిది కాయలు.

"అరువు తీసుకుంటారా?"

"అరువు కుదరదు. మొదటిరోజు పండు ఎవరిది వాళ్ళ సొంతమై ఉండాలి. అందుకే మా పెద్దలు ఒక దారి పెట్టారు. నా పండు మీకు ఇచ్చేస్తాను, నిజంగానే ఇచ్చేస్తాను. అది మీదైపోతుంది. మీరు ప్రార్థన చేసుకుంటారు. చేసుకున్నాక నాకు తిరిగి ఇచ్చేస్తారు. ఇవ్వాలన్న షరతు మీదే నేను ఇచ్చాను కాబట్టి."

"ఇవ్వకపోతే?"

"ఇవ్వకపోతే అది మొదటినుంచీ మీది కానట్టే. మీ ప్రార్థన కూడా లెక్కలోకి రాదు."

కేశవరావు దాన్ని నోట్లో వేసుకొని చప్పరించినట్టు ఆలోచించాడు. అమ్మకం కాదు. అప్పు కాదు. చేబదులూ కాదు, చేబదులిచ్చిన వస్తువు ఇచ్చినవాడిదే. దానం కూడా కాదు, దానం వెనక్కి రాదు. ముప్పై ఏళ్ళ వ్యాపారంలో ఈ రకం లావాదేవీ ఆయన చూడలేదు. రాయడానికి ఏ ఖాతా తెరవాలో కూడా తోచలేదు.

"కత్తిరించినవి కూడా వృథా కావు," అంది రబ్బీ మళ్ళీ నిచ్చెన ఎక్కుతూ. "మూడో రోజునుంచి వాటితో కూడా ప్రార్థన చేయొచ్చు. ఈలోగా కుళ్ళకుండా చూడండి. ఆ విషయంలో మిమ్మల్ని మించినవాళ్ళు లేరట కదా."

మంగళవారం పొద్దున కొట్టు ఉమామహేశ్వరికి అప్పజెప్పి, రబ్బీ రమ్మందని పందిట్లోకి వెళ్ళాడు. మొక్కజొన్న దంట్లు కప్పిన పందిరి, మధ్య మధ్య ఆకాశం. నలభై ఇళ్ళవాళ్ళు బారులు తీరి ఉన్నారు. కోపంగా చూస్తారేమోనని ఒక మూల నిలబడ్డాడు. ఎవరూ ఆయన్ని చూసే తీరికలో లేరు. ఒక డాక్టరమ్మ తన పండుని వెనకనున్న కుర్రాడి చేతిలో పెట్టి "ఇది నీది" అంటోంది. ఆ కుర్రాడు కళ్ళు మూసుకొని ఏదో చదివి, తిరిగి "ఇది మీది" అని ఇచ్చేస్తున్నాడు. ఆవిడ మళ్ళీ ఇంకొకరికి. ప్రతి ఏడూ ఎవరి పండుతో వాళ్ళు అయిదు నిమిషాల్లో ముగించుకొని కార్లెక్కేవాళ్ళు, ఈసారి ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసి వచ్చింది. పక్కపక్క వీధుల్లో ఉండీ పేర్లు తెలియని ఇద్దరు ఇప్పుడు పేర్లడుగుతున్నారు.

"రావ్ గారేనా ముక్కులు కోసింది?" అని ఒకాయన పలకరించాడు.

"అవును సార్. సారీ సార్."

"మా ఆవిడ నాకు ఇరవై ఏళ్ళలో ఏదీ 'ఇది నీది' అని ఇవ్వలేదు. ఈరోజు ఇచ్చింది. మీకు థ్యాంక్స్."

"తిరిగిచ్చెయ్, తిరిగిచ్చెయ్," అంది ఆయన వెనకనుంచి భార్య.

గురువారం సాయంత్రం ఆ పందిట్లోనే బోర్డ్ కూర్చుంది. కేశవరావు షట్టర్ సగం దించి, వినపడదని తెలిసీ ఆ గోడ పక్కనే పప్పుల డబ్బాలు సర్దుతూ ఉండిపోయాడు. ఏం జరిగిందో రబ్బీ వచ్చి చెప్పింది.

పళ్ళ డాక్టర్ అద్దె మాట ఒకాయన ఎత్తాడట. ఎక్కువే ఇస్తాడు, సినగాగ్ ఫ్రిజ్ కూడా కొనుక్కోవాలి అన్నాడట. అప్పుడు మోరీ లేచాడు. ఆదివారం పొద్దున తను రెండు పాడు పళ్ళను మంచివని పక్కన పెట్టానని, తనకు చూపు ఆనడం లేదని, అది ఎవరికీ చెప్పలేదని అందరిముందూ చెప్పాడు. "రావ్ ఆపకపోతే నలభై ఇళ్ళచేత ముక్కు తెగిన పళ్ళతో ప్రార్థన చేయించేవాణ్ణి. ఆపడానికి అతనికి లాభం ఏమీ లేదు. నష్టమే ఉంది, అదీ ఈ వారమే. ఆ తర్వాత నా పొరపాటు రబ్బీకి కూడా చెప్పలేదు. గోడకు అవతల అలాంటివాడు కావాలా, ఎక్కువ అద్దె కావాలా, మీరు తేల్చుకోండి," అని కూర్చున్నాడట.

"తేల్చుకున్నారు," అంది రబ్బీ. "అయిదేళ్ళు. పాత అద్దె మీద కాస్త పెరుగుతుంది, అది తప్పదు. ఫ్రిజ్ ఇప్పట్లో కొనం. మీ కోల్డ్ రూమ్ ఉంది కదా."

కేశవరావు సర్దుతున్న డబ్బాలు వదిలేశాడు. చేతికందిన పిస్తా పాకెట్ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "ఇది మీది మేడమ్. దీనికి షరతు లేదు."

పండగ అయిపోయాక ముక్కు తెగినవీ ముక్కున్నవీ కలిపి కాయలన్నీ మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చాయి. పండగ దాటితే వాటితో వాళ్ళకు పని లేదు. ఉమామహేశ్వరి వాటిని ఊరికే పోనివ్వదలుచుకోలేదు. వాళ్ళు తినాలంటే వాళ్ళ వంటింట్లోనే చెయ్యాలి. సరేనని సినగాగ్ వంటింట్లో, మోరీ కుర్చీ వేసుకొని ప్రతి పాకెట్ ముద్రా కేశవరావుచేత చదివించుకుంటుండగా, కాయలు వేడినీళ్ళలో కడిగి తుడిచి ముక్కలు కోసి, ఉప్పులో ఊరేసి, కారం, మెంతిపిండి, ఆవపిండి కలిపి, నూనె కాచి పోసింది.

మోరీ రొట్టె మీద కాస్త రాసుకొని తిన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎట్టుంది సార్?" అంది ఉమామహేశ్వరి భయంభయంగా.

"నాకు ఇప్పుడు అంతా స్పష్టంగా కనపడుతోందమ్మా," అన్నాడు మోరీ.

వెళ్ళేముందు ఆయన జేబులోంచి భూతద్దం తీసి కేశవరావు చేతిలో పెట్టాడు. వచ్చే ఏడు కాయలు వచ్చినప్పుడు కళ్ళు నీవి, తీర్పు నాది అన్నాడు. "ఇది నీది. నిజంగానే నీది. పండగ అయ్యాక తిరిగి ఇవ్వాలి. ఆ మరుసటి ఏడు మళ్ళీ ఇస్తాను. ఎన్నేళ్ళు ఇవ్వగలిగితే అన్నేళ్ళు."

"మీరు అయిదేళ్ళకి లీజిచ్చినారు సార్. అయిదేళ్ళూ మీరే ఇయ్యాల," అన్నాడు కేశవరావు.

ఆ రాత్రి కొట్టు మూసేటప్పుడు అలవాటు ప్రకారం మనసులో లెక్క తేల్చాడు. పోయినవి: ముప్పై ఒక్క ముక్కులు, ఒక నెయిల్ కట్టర్. దాన్ని ఉమామహేశ్వరి లాక్కుని ఇంట్లో దాచేసింది. వచ్చినవి: అయిదేళ్ళ లీజు, సగం ఇళ్ళవాళ్ళు రెండోసారి అడిగిన ఊరగాయ, పార్కింగ్ లాట్లో పేరుపెట్టి పిలిచే మనుషులు, వచ్చే ఏడు తన కోల్డ్ రూమ్‌లోనే దిగబోయే నలభై పెట్టెలు. వీటన్నిటికీ ఖాతాలున్నాయి. ఒక్క భూతద్దానికే లేదు. అది తనది, తనది కాదు. తిరిగిస్తేనే తనదవుతుంది. వెతికి వెతికి, ఇంతకాలం ఖాళీగా ఉన్న పేజీ ఒకటి మనసులోనే తెరిచి, పైన మోరీ పేరు రాసి, జమ వైపు దాన్ని వేశాడు.